ఊరి పేరు లేని చిరునామా

పిల్లలూ! కాకినాడ నుంచి కోటిపల్లి రేవుకు పోయే దారిలో, పచ్చని వరిచేల నడుమ, ద్రాక్షారామం అనే ఊరు ఉంది. ఆ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. పంచారామాలలో అది ఒకటి. అమరావతి, సామర్లకోట, భీమవరం, పాలకొల్లు తక్కిన నాలుగు. గత సంక్రాంతికి నేను అక్కడికి వెళ్ళాను. గుడి చూద్దామని వెళ్ళినవాణ్ణి, ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి కూడా నాకు తెలియని సంగతి ఒకటి తెలుసుకుని వచ్చాను. అదే మీకు చెప్పబోతున్నాను.

ముందుగా ఆ ఊరి రైలుదారి కథ వినండి. కాకినాడ నుంచి ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి దాకా సుమారు 45 కిలోమీటర్ల రైలుదారిని 1928లో వేశారు. 1940లో, రెండవ ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులలో, యుద్ధ అవసరాలకని ఆ పట్టాలను ఊడదీసి పట్టుకుపోయారు. తిరిగి పట్టాలు వేసి రైలు నడిపించేసరికి 2004వ సంవత్సరం వచ్చింది. యుద్ధం ఎక్కడో జరిగింది. ఇక్కడ మాత్రం అరవై ఏళ్ళకు పైగా రైలు కూత వినబడలేదు. యుద్ధానికి తుపాకులతోబాటు ఇనుప పట్టాలు కూడా కావాలన్నమాట! ఈ మాట జ్ఞాపకం ఉంచుకోండి. దీనితో మనకు మళ్ళీ పని పడుతుంది.

ద్రాక్షారామంలో నా పాత శిష్యుడొకడున్నాడు. అతడు మిలటరీలో హవల్దారు. రెండు నెలల సెలవు మీద ఇంటికి వచ్చి, "మాస్టారూ, పండగకు మా ఇంటికి రావాలి" అని కబురు చేశాడు. నేను వెళ్ళేసరికి అతని తల్లి వాకిట్లో ముగ్గులో గొబ్బెమ్మలు పెడుతోంది. నన్ను చూడగానే కుశల ప్రశ్నలయినా కాకముందే ఆవిడ తన గోడు మొదలుపెట్టింది.

"మాస్టారు గారూ! చదువు చెప్పినవారు, మీరే అడగండి. వీడు చేసే ఉద్యోగం ఏమిటో నాకు పదహారేళ్ళుగా తెలియదు. ఫోను చేస్తాడు, బాగున్నానంటాడు. ఎక్కడున్నావురా అంటే, ఇక్కడ చలిగా ఉందమ్మా అంటాడు. అది ఊరి పేరా? ఉత్తరానికి చిరునామా ఇవ్వరా అంటే, వాడి నంబరూ, పేరూ, పటాలం పేరూ రాసి, కింద 56 ఏ.పి.ఓ. అని రాశాడు. ఊరి పేరు లేని చిరునామా ఎక్కడైనా ఉంటుందా? జైల్లో పెట్టినవాడికైనా ఊరుంటుందే! నేను భయపడతానని వీడు నా దగ్గర ఏదో దాస్తున్నాడు."

హవల్దారు నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వులో కొంచెం బాధ కూడా కనిపించింది నాకు.

అతనికి తొమ్మిదేళ్ళ కొడుకున్నాడు. ఆ పిల్లవాడి బాధ ఇంకొక రకం. జనవరి 26న బడిలో జెండా ఎగరేసిన తరవాత, వాళ్ళ నాన్నను గురించి మాట్లాడమని వాళ్ళ టీచరు చెప్పిందట. తండ్రిని అడిగితే, "మేము వంతెనలు కడతామురా, రోడ్లు వేస్తాము, నీళ్ళ పంపులు బాగు చేస్తాము" అన్నాడట. "అది మేస్త్రీలు చేసే పని! మిలటరీ వాళ్ళు యుద్ధం చెయ్యాలి కదా, మాస్టారూ?" అని వాడు నా చెవిలో రహస్యంగా అడిగాడు.

చూశారా! నాయనమ్మేమో వాడు పెద్ద ప్రమాదాన్ని దాస్తున్నాడనుకుంటోంది. మనవడేమో తన తండ్రిది అసలు మిలటరీ ఉద్యోగమే కాదనుకుంటున్నాడు. ఇద్దరి నడుమ ఆ హవల్దారు ఏమి చెప్పగలడు? ఇందులో నా తప్పు కూడా కొంత ఉంది. నేను బడిలో పాఠం చెప్పినన్నాళ్ళూ, సిపాయి అనగానే నల్లబల్ల మీద తుపాకీ పట్టుకున్న మనిషి బొమ్మ వేసేవాణ్ణి. వేరే బొమ్మ ఎన్నడూ వెయ్యలేదు.

మర్నాడు తెల్లవారుజామున అందరమూ భీమేశ్వరుడి గుడికి వెళ్ళాము. పిల్లవాడు తాను రాసుకున్న ఉపన్యాసం నాచేత దిద్దించుకోవాలని నోటుపుస్తకమూ, స్కేలూ వెంట తెచ్చుకున్నాడు.

ఆ గుడి చూడవలసినదే, పిల్లలూ! ఎత్తయిన ప్రాకారాలు దాటి లోపలికి వెళితే, గర్భాలయం రెండంతస్తులుగా కనిపిస్తుంది. శివలింగం అంత పొడవైనది. కింద నిలబడితే అడుగుభాగం కనిపిస్తుంది. మెట్లెక్కి పై అంతస్తుకు వెళితే శిరోభాగానికి జరిగే పూజ కనిపిస్తుంది. తూర్పు చాళుక్య రాజయిన చాళుక్య భీముడు సుమారు పదకొండు వందల ఏళ్ళ కిందట దీన్ని కట్టించాడని చరిత్రకారులు చెబుతారు. మాణిక్యాంబ అమ్మవారి ఆలయం కూడా ఇక్కడే ఉంది. శ్రీనాథ మహాకవి ఈ క్షేత్ర మహిమను చెబుతూ భీమేశ్వర పురాణం రాశాడు.

కాని నాకు గుడిలో అన్నిటికంటె ఇష్టమైనవి అక్కడి రాళ్ళు. స్తంభాల మీదా, గోడల మీదా వందలకొద్దీ శాసనాలున్నాయి. ఆ అక్షరాలు ఇప్పటి మన అక్షరాలకు తాతల వంటివి. రాజులు, రాణులు, మంత్రులు, సేనాపతులు, వర్తకులు ఈ దేవుడికిచ్చిన దానాలను వాటిలో చెక్కించారు. ఆ దానాలలో చాలా భాగం అఖండ దీపాలు. అనగా రాత్రింబవళ్ళు ఆరకుండా వెలిగే దీపాలు.

"దీపం వెలిగించి పోతే సరా, మాస్టారు గారూ? అది ఆరకుండా ఎవరు చూస్తారు?" అని అడిగింది హవల్దారు తల్లి.

"మంచి ప్రశ్న వేశారమ్మా" అన్నాను. "దాత కొన్ని పశువులను దేవుడి పేర ఇచ్చేవాడు. వాటిని బోయలు పుచ్చుకుని మేపేవారు. అందుకు బదులుగా రోజూ దీపానికి మానెడు నెయ్యి తెచ్చి పొయ్యాలి. వాళ్ళ తరవాత వాళ్ళ బిడ్డలు పొయ్యాలి. ఆ నెయ్యి తెచ్చే బోయల పేర్లు కూడా చాలా శాసనాలలో ఉన్నాయి."

ఆవిడ కొంచెంసేపు ఆ రాతిమీద చెయ్యి ఆనించి నిలబడింది. "రోజూ మానెడు నెయ్యి అంటే మాటలా! వానయినా, వరదయినా, ఇంట్లో జ్వరమయినా తేవలసిందే. దీపం పెట్టించిన సేనాపతి గొప్పవాడే. ఈ నెయ్యి మోసినవాడు లేకపోతే మాత్రం దీపం ఒక్క పూటకే ఆరిపోయేది" అన్నది.

అప్పుడు హవల్దారు మెల్లిగా, "అమ్మా, నా ఉద్యోగం అదే. నేను నెయ్యి తెచ్చేవాణ్ణి" అన్నాడు.

తల్లి వాడి ముఖంలోకి చూసింది. "అయితే నువ్వేమి తెస్తావురా?"

"సరిహద్దులో తుపాకీ పట్టుకుని నిలబడినవాడికి తిండి అందాలి, నీళ్ళు అందాలి, గుళ్ళు అందాలి. దెబ్బ తగిలితే ఆస్పత్రికి చేరాలి. వాటన్నిటికీ దారి కావాలి కదా? ఆ దారి నేను తెస్తాను."

గుడి పక్కనే సప్తగోదావరి అనే కోనేరు ఉంది. సప్తర్షులు గోదావరిని ఇక్కడికి తెచ్చారని స్థలపురాణం. ఆ మెట్ల మీద కూర్చున్నాము. పిల్లవాడు తన నోటుపుస్తకం నా చేతికిచ్చాడు. తెరిచి చూశాను. "మా నాన్న ఒక్కడే కొండ ఎక్కి వందమంది శత్రువులను కాల్చి చంపాడు" అని అందమైన దస్తూరీతో రాసి ఉంది. అక్షర దోషం ఒక్కటీ లేదు. నేనేమీ అనకుండా పుస్తకాన్ని హవల్దారు చేతికిచ్చాను.

అతడు చదివాడు. కోపగించుకోలేదు. "నీ స్కేలు ఇలా ఇయ్యరా" అన్నాడు.

పిల్లలూ, హవల్దారు చూపిన ఈ ప్రయోగాన్ని మీరు కూడా ఇంట్లో బల్లమీద చెయ్యవచ్చు. స్కేలును బల్ల అంచునుంచి బయటికి కొంచెం కొంచెంగా నెట్టండి. సగం దాకా బయటికి వచ్చినా అది నిలబడుతుంది. సగం దాటిందా, పడిపోతుంది. ఇప్పుడు బల్లమీద ఉన్న కొసపైన ఒక చిన్న రాయి పెట్టి నెట్టండి. సగం దాటి ఇంకా చాలాదూరం పోయినా పడదు! వెనక బరువు ఉన్నంతవరకు ముందుభాగం గాలిలో నిలబడుతుంది.

"ఇదేరా మా వంతెన రహస్యం" అన్నాడు హవల్దారు. "వాగుకు వరద వచ్చి వంతెన కొట్టుకుపోయింది. అవతలి ఒడ్డుకు పోయే దారి లేదు. నీటిలో స్తంభాలు కట్టే వ్యవధి లేదు. అప్పుడు మేము ఇవతలి ఒడ్డునే వంతెన తయారుచేసి, ఉరుకుడు చక్రాల మీద అవతలికి నెడతాము. ముందుభాగం తేలికగా ఉంటుంది. దాన్ని ముక్కు అంటాము. వెనకభాగం బరువుగా ఉంటుంది. ముక్కు వెళ్ళి అవతలి ఒడ్డును తాకేదాకా వెనక బరువు దాన్ని పడిపోకుండా పట్టుకుంటుంది."

దీన్ని బెయిలీ వంతెన అంటారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో డోనాల్డ్ బెయిలీ అనే ఆంగ్లేయ ఇంజనీరు దీన్ని రూపొందించాడు. వంతెన అంతా ఒకే రకపు ఇనుప చట్రాలతో తయారవుతుంది. ఒక్కొక్క చట్రం 10 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తు, సుమారు 260 కిలోల బరువు. ఆరుగురు మనుషులు ఎత్తి మోయగలరు. చట్రాన్ని చట్రంతో కలిపి ఇనుప చీలలు దిగగొడతారు. పెద్ద యంత్రాలు రాలేని కొండదారులలో కూడా మనుషుల చేతులతోనే వంతెన లేస్తుంది.

"2024వ సంవత్సరం జూలై 30న కేరళలో వయనాడు కొండలు విరిగిపడ్డాయి, గుర్తుందా?" అని హవల్దారు కొడుకును అడిగాడు. "రెండువందల మందికి పైగా చనిపోయారు. చూరల్‌మల దగ్గర వంతెన కొట్టుకుపోయి, అవతలి ఊళ్ళకు దారి తెగిపోయింది. మా మద్రాసు ఇంజనీరు దళంవాళ్ళు వెళ్ళి, వానలో రాత్రీ పగలూ పనిచేసి, 190 అడుగుల బెయిలీ వంతెన కట్టారు. ఆగస్టు 1 సాయంత్రానికి అది పూర్తయింది. బరువైన యంత్రాలూ, అంబులెన్సులూ దానిమీదనే అవతలికి వెళ్ళాయి."

పిల్లవాడి కళ్ళు మెరిశాయి. "అప్పుడు నువ్వు కూడా ఉన్నావా, నాన్నా?"

హవల్దారు ఒక్క క్షణం ఆగాడు. ఉన్నానంటే ఆ పిల్లవాడికి ఎంత సంతోషం! నిజం ఎవరికి తెలుస్తుంది? కాని అతడు, "లేనురా. ఆ రోజు నేను వేరేచోట తాగునీటి పంపు బాగుచేస్తున్నాను" అన్నాడు.

పిల్లవాడి ముఖం వాడిపోయింది.

"ఉన్నానని చెబితే నీకు బాగుండేది. కాని ఒక్క చీల దిగగొట్టకపోయినా, దిగగొట్టానని చెప్పేవాడు మా దళంలో పనికిరాడు. ఆ మాట నమ్మి లారీ వంతెన ఎక్కుతుంది" అన్నాడు తండ్రి.

పిల్లవాడు బదులు చెప్పలేదు. స్కేలును మళ్ళీ మెట్టు అంచున పెట్టి, రాయి పెట్టి, నెట్టి చూడసాగాడు.

అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. "అమ్మా, కాటన్ దొర తెలుసు కదా మీకు?" అని హవల్దారు తల్లిని అడిగాను.

"అదేమి మాట, మాస్టారు గారూ! ఆ మహానుభావుడు ఆనకట్ట కట్టకపోతే మాకు ఈ చేలెక్కడివి, ఈ అన్నమెక్కడిది?" అంటూ ఆవిడ చేతులు జోడించింది. గోదావరి జిల్లాలలో ఆయన విగ్రహాలు ఎన్ని ఉన్నాయో మీరు చూసే ఉంటారు.

"ఆయన ఏ ఉద్యోగం చేసేవాడో తెలుసా?"

"ఇంజనీరు దొర కదా!"

"ఇంజనీరే. కాని మిలటరీ ఇంజనీరు. 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరాడు. బర్మా యుద్ధానికి కూడా వెళ్ళాడు. చివరికి జనరల్ హోదా దాకా వచ్చాడు. ఆ సైనికుడే 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలుపెట్టి, 1852కల్లా ఆనకట్ట పూర్తి చేయించాడు. వేలమంది కూలీలు రాళ్ళు మోశారు, మట్టి మోశారు."

హవల్దారు అందుకున్నాడు. "అమ్మా, 1780లో పుట్టిన మద్రాసు సాపర్లు ఆ ఇంజనీర్ల కింద పనిచేసినవాళ్ళే. సాపర్లంటే కందకాలు తవ్వి, దారులు వేసి, సేనకు ముందు నడిచేవాళ్ళు. ఇప్పుడు బెంగుళూరులో ఉన్న మా దళం అదే. నేను కాటన్ దొరంత పెద్ద ఇంజనీరును కాను. ఆయనవెంట రాళ్ళు మోసినవాళ్ళున్నారు చూడు, అటువంటివాణ్ణి."

ఆవిడ కొడుకుకేసి కొత్తగా చూసింది. పదహారేళ్ళుగా వినని జవాబు ఆవిడ కాళ్ళదగ్గర కాలువలో రోజూ పారుతూనే ఉంది! కాని తల్లి మనసు అంత తేలికగా ఊరుకుంటుందా? "సరేరా, బాగానే ఉంది. మరి ప్రమాదం లేదా నీ పనిలో?" అన్నది.

"ఉందమ్మా. లేదని అబద్ధం చెప్పను. శత్రువు దారిలో మందుపాతరలు పాతిపెడితే, వాటిని వెతికి తియ్యవలసింది కూడా మేమే. దానికి శిక్షణ ఇస్తారు, పనిముట్లు ఇస్తారు. తొందరపడకుండా, ఒక అడుగు తరవాత ఒక అడుగు వేస్తాము. మా వెనక నడిచేవాడు నిర్భయంగా నడవాలని మేము ముందు జాగ్రత్తగా నడుస్తాము."

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కాసేపు ఎవ్వరమూ మాట్లాడలేదు. కోనేట్లో చేపపిల్లలు గుంపుగా వచ్చి, మెట్లమీద పడిన ప్రసాదపు మెతుకులు తిని పోయాయి.

"ఇన్నాళ్ళూ నువ్వు చెప్పనందుకు రకరకాలుగా ఊహించుకుని భయపడ్డాను. ఇప్పుడు ఉన్నదానికే భయపడతాను. ఇదే నయం" అన్నది చివరికి. "మరి ఆ ఊరి పేరు లేని చిరునామా సంగతేమిటి?"

ఈ సంగతి మీరు కూడా తెలుసుకోండి. ఏ.పి.ఓ. అంటే ఆర్మీ పోస్టాఫీసు. జవాన్లకు రాసే ఉత్తరాలలో చాలావాటిమీద 56 ఏ.పి.ఓ. అనిగాని, 99 ఏ.పి.ఓ. అనిగాని ఉంటుంది. 56 అని రాసినవి ఢిల్లీకీ, 99 అని రాసినవి కలకత్తాకూ చేరుతాయి. ఏ పటాలం ఆ రోజు ఎక్కడ ఉన్నదీ సైనిక తపాలావాళ్ళకు తెలుసు. వాళ్ళు ఉత్తరాన్ని అక్కడికి పంపుతారు. కవరుమీద ఊరి పేరు ఉంటే, దాన్ని చూసిన ప్రతివాడికీ పటాలం జాడ తెలిసిపోతుంది. అందుచేత ఊరి పేరు రాయరు. పటాలం ఎన్ని ఊళ్ళు మారినా ఆ చిరునామా మారదు.

"అంటే నువ్వు ఏ కొండమీద ఉన్నా నా ఉత్తరం నిన్ను వెతుక్కుంటూ వస్తుందన్నమాట!" అన్నది తల్లి. ఆవిడ ముఖంలో మొదటిసారి నవ్వు చూశాను.

"వస్తుందమ్మా. మా ఇంజనీరు శాఖ ధ్యేయవాక్యం కూడా అదే: సర్వత్ర. అంటే అన్నిచోట్లా అని."

తిరిగి వస్తూంటే, దూరాన రైలు పట్టాలు ఎండలో మెరుస్తూ కనిపించాయి. 1940లో అవి ఊడదీసిన కథ నేను పిల్లవాడికి చెప్పాను. వాడు ఆలోచించి, "అయితే అప్పుడు కూడా దారికోసమే తీసుకుపోయారా, మాస్టారూ?" అన్నాడు. నేను ఆ పిల్లవాడి వీపు తట్టాను.

పిల్లలూ! మీ ఇళ్ళల్లో కూడా ఇటువంటివాళ్ళు ఉండవచ్చు. మీ నాన్నగారు కరెంటు సబ్‌స్టేషనులో రాత్రి డ్యూటీ చేస్తూ ఉండవచ్చు. మీ అమ్మగారు ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేస్తూ ఉండవచ్చు. మీ అన్న ఓడమీద వంటవాడై ఉండవచ్చు. వాళ్ళ పనిని గురించి కథలు అల్లుకోకండి. ఒకనాడు పక్కన కూర్చుని అడగండి. పెద్దలారా, మీరు కూడా "నీకు తెలియదులే" అని తోసెయ్యకండి. చేతికందిన స్కేలుతోనో, గుడిలోని దీపంతోనో చెప్పండి. తెలిసినదాన్ని చూపిస్తే తెలియనిది అర్థమవుతుంది. ఉపాధ్యాయుడిగా నేను నేర్చుకున్న చదువంతా ఇంతే. దాన్ని ఆ హవల్దారు నాకే తిరిగి నేర్పాడు.

జనవరి 26 సాయంత్రం ఆ పిల్లవాడు నాకు ఫోను చేశాడు. పాత కాగితం చింపేసి, కొత్తగా రాసుకుని చదివాడట. "మా నాన్న ముందు వెళతాడు. తరవాత లారీలు వెళతాయి" అని మొదలుపెట్టాడట. స్కేలూ రాయీ పెట్టి వంతెన కూడా చూపించాడట. మిత్రులందరూ తమ స్కేళ్ళు తీసి నెట్టి చూశారట.

హవల్దారు సెలవు ముగిసి వెళ్ళిపోయాడు. వాళ్ళ నాయనమ్మ అరిసెలు పార్సెలు కట్టించి, దానిమీద చిరునామా తానే దగ్గర కూర్చుని రాయించిందట. ఇప్పుడు ఎవరైనా, "మీవాడు ఏ ఊళ్ళో ఉన్నాడండీ?" అని అడిగితే ఆవిడ తడుముకోవడం లేదట.

"సర్వత్ర" అంటోందట!